ఏటీఆర్ 72 విమానపు ఫ్లైట్ సిమ్యులేటర్ నమూనా

ఏటీఆర్ 72 విమానపు ఫ్లైట్ సిమ్యులేటర్ నమూనా అనగా, ఏటీఆర్ 72 అనే రెండు ఇంజన్ల టర్బోప్రాప్ ప్రయాణీకుల విమానాన్ని ఇంటి కంప్యూటరుపై పనిచేసే ఫ్లైట్ సిమ్యులేటర్‌లో నడపడానికి వీలుగా పునఃసృష్టించిన సాఫ్టువేరు. ఇందులో విమానపు బాహ్య రూపం, కాక్‌పిట్, ఎగిరే గుణాలు, ఇంజన్లు, విద్యుత్తు, ఇంధనం వంటి అంతర్గత వ్యవస్థలు, శబ్దాలు భాగాలుగా ఉంటాయి. జెట్ విమానపు నమూనా కంటే టర్బోప్రాప్ విమానపు నమూనాను సరిగా తయారు చేయడం కష్టమని నమూనాకారులు భావిస్తారు. ఇంజను, ప్రొపెల్లరు, రెక్క ఈ మూడూ ఒకదానిపై ఒకటి ఆధారపడి పనిచేయడమే అందుకు ముఖ్య కారణం.

అసలు విమానం

ఏటీఆర్ సంస్థ 1981లో ఫ్రాన్సుకు చెందిన ఏరోస్పాసియాల్, ఇటలీకి చెందిన ఏరిటాలియా సంస్థల ఉమ్మడి ప్రయత్నంగా ఏర్పడినది. దీని కేంద్రం ఫ్రాన్సులోని టూలూజ్ నగరం. ఆ మూడక్షరాల పేరుకు "ప్రాంతీయ రవాణా విమానాలు" అని అర్థం. సంస్థ మొదటి విమానం ఏటీఆర్ 42, 1984 ఆగస్టు 16న తొలిసారి ఎగిరినది. దానిని సుమారు 4.5 మీటర్లు పొడిగించి తయారు చేసిన ఏటీఆర్ 72, 1988 అక్టోబరు 27న తొలిసారి ఎగిరి, 1989లో ప్రయాణీకుల సేవలో ప్రవేశించినది.

ఏటీఆర్ 72 పొడవు 27.17 మీటర్లు, రెక్కల విస్తారం 27.05 మీటర్లు, రెక్కల వైశాల్యం 61 చదరపు మీటర్లు. రెక్కలు విమానపు నడుముకు పైభాగాన అమర్చబడి ఉంటాయి. 72-600 రకం గరిష్ఠంగా 23,000 కిలోల బరువుతో గాలిలోకి లేవగలదు. గంటకు సుమారు 510 కి.మీ. వేగంతో, 25,000 అడుగుల ఎత్తు వరకు ప్రయాణించగలదు. 72-500, 72-600 రకాలలో ప్రాట్ అండ్ విట్నీ కెనడా సంస్థ తయారు చేసిన పీడబ్ల్యూ127 తరగతి ఇంజన్లు, ఒక్కొక్క దానికి ఆరు రెక్కల ప్రొపెల్లరు ఉంటాయి.

గృహ ఫ్లైట్ సిమ్యులేటర్లు

బ్రూస్ ఆర్ట్‌విక్ రూపొందించిన సిమ్యులేటర్ 1979-80లో ఆపిల్-2 కంప్యూటరుపై వెలువడినది. దాని ఆధారంగా 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ మొదటి కూర్పు వచ్చినది. ఈ వరుసలో 2003లో వచ్చిన ఎఫ్ఎస్ 2004, 2006లో వచ్చిన ఎఫ్ఎస్ఎక్స్ కూర్పులు ఔత్సాహికుల చేతిలో చాలాకాలం నిలిచినవి. 2009లో మైక్రోసాఫ్ట్ తన ఏసెస్ స్టూడియోను మూసివేసినది. తరువాత అదే పేరుతో 2020 ఆగస్టులో ఒక కూర్పు, 2024 నవంబరులో మరొక కూర్పు విడుదలైనవి.

లామినార్ రీసెర్చ్ సంస్థకు చెందిన ఆస్టిన్ మేయర్ రూపొందించిన ఎక్స్-ప్లేన్ మరొక ప్రసిద్ధ సిమ్యులేటర్. 1997లో మొదలైన ఫ్లైట్‌గేర్ స్వేచ్ఛా సాఫ్టువేరు. దాని మూలగ్రంథాన్ని ఎవరైనా చదివి మార్చుకొనవచ్చును గనుక విద్యార్థులకు ఇది ప్రత్యేకంగా ఉపయోగకరం.

సమాచార సేకరణ

నమూనా తయారీలో మొదటి మెట్టు సమాచార సేకరణ. నిర్మాణ చిత్రాలు, విమానాశ్రయాలలో తీసిన ఛాయాచిత్రాలు, పైలట్ల కరదీపికలు, బరువు-సమతుల్యత పట్టికలు, కాక్‌పిట్‌లో చిత్రీకరించిన వీడియోలు ముఖ్యమైన ఆధారాలు. ఒకే పేరు గల విమానంలో రకాలు వేరువేరుగా ఉంటాయి గనుక ఏ రకాన్ని పునఃసృష్టిస్తున్నారో మొదటనే నిర్ణయించుకోవాలి. ఉదాహరణకు 72-500 కాక్‌పిట్‌లో ముళ్ళ గడియారాల వంటి పరికరాలు ఎక్కువగా ఉండగా, 72-600లో వాటి స్థానంలో ఐదు పెద్ద తెరలు ఉంటాయి. ఒక రకపు కరదీపికను చూసి మరొక రకపు వ్యవస్థలను తయారు చేయడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు.

కరదీపికలకు, సంస్థల చిహ్నాలకు, ఇతరులు తయారు చేసిన త్రిమితీయ రూపాలకు కాపీహక్కులు ఉంటాయి. చదివి తెలుసుకొన్న విలువలను ఉపయోగించడం వేరు, ఇతరుల పనిని యథాతథంగా తీసుకొని పంచడం వేరు.

బాహ్య రూపం

విమానపు రూపాన్ని బ్లెండర్, త్రీడీఎస్ మ్యాక్స్ వంటి సాఫ్టువేర్లలో చిన్న చిన్న త్రిభుజాల కూర్పుగా నిర్మిస్తారు. ఎఫ్ఎస్ 2004 కాలంలో చాలామంది జీమ్యాక్స్ అనే ఉచిత సాఫ్టువేరును వాడేవారు. త్రిభుజాల సంఖ్య పెరిగితే రూపం నునుపుగా ఉంటుంది గాని కంప్యూటరుపై భారం పెరుగుతుంది. అందువలన ఒకే విమానానికి వివరాలు ఎక్కువ, తక్కువ ఉన్న అనేక రూపాలను తయారు చేసి, చూసేవారికి విమానం దూరమయ్యే కొద్దీ తేలికైన రూపం కనబడేట్లు ఏర్పాటు చేస్తారు.

ఏటీఆర్ 72లో ప్రయాణీకులు వెనుక ఎడమవైపు ద్వారం గుండా ఎక్కుతారు, సామాను ద్వారం ముందువైపు ఉంటుంది. వెనుకభాగంలో బరువు పెరిగినపుడు విమానం తోకపై కూలబడకుండా నేలపై ఉన్నపుడు తోక క్రింద ఒక ఊతకర్రను నిలుపుతారు. మంచి నమూనాలలో ఈ ఊతకర్ర కూడా ఉంటుంది.

ఎగిరే గుణాలు

విమానం గాలిలో ఎలా ప్రవర్తించాలో లెక్కించే భాగాన్ని ఫ్లైట్ మోడల్ అంటారు. ఇందుకు ప్రధానంగా రెండు పద్ధతులు ఉన్నవి.

మొదటి పద్ధతి పట్టికలపై ఆధారపడినది. రెక్క గాలిని ఎదుర్కొనే కోణం, వేగం, ఫ్లాపుల స్థితి మొదలైన వాటికి తగిన ఉత్థాపక బలపు గుణకాలను పట్టికలలో వ్రాసి ఉంచుతారు. సిమ్యులేటర్ ప్రతి క్షణం ఆ పట్టికలను చూసి బలాలను లెక్కిస్తుంది. పాత మైక్రోసాఫ్ట్ కూర్పులు, ఫ్లైట్‌గేర్‌లో ఉపయోగించే జేఎస్‌బీసిమ్ ఈ కోవకు చెందినవి. రెండవ పద్ధతిలో రెక్కలను, ప్రొపెల్లరు రెక్కలను చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కపై పనిచేసే బలాన్ని వేరుగా లెక్కించి కూడుతారు. ఎక్స్-ప్లేన్ ఈ పద్ధతిని అనుసరిస్తుంది. మొదటి పద్ధతిలో సరైన పట్టికలు కావాలి, రెండవ పద్ధతిలో సరైన ఆకృతి కావాలి. ఏ పద్ధతిలోనైనా ఫలితాన్ని అసలు విమానపు కొలతలతో సరిచూడక తప్పదు.

బరువు ఎంత ఉన్నదో తెలిస్తే చాలదు, అది ఎక్కడ పంపిణీ అయినదో కూడా చెప్పాలి. దీనిని జడత్వ భ్రామకం అనే రాశితో తెలుపుతారు. ఈ విలువను తక్కువగా ఇస్తే 20 టన్నుల విమానం కూడా ఆటబొమ్మ వలె క్షణంలో ప్రక్కకు ఒరుగుతుంది. ఎక్కువగా ఇస్తే పైలటు ఆదేశానికి చాలా ఆలస్యంగా స్పందిస్తుంది.

టర్బోప్రాప్ విమానాలలో ప్రొపెల్లరు వెనుకకు త్రోసే గాలి రెక్కపై నుండి ప్రవహిస్తుంది. ఆ గాలి వలన రెక్కకు అదనపు ఉత్థాపక బలం లభిస్తుంది. దిగే సమయంలో పైలటు శక్తిని ఒక్కసారిగా తగ్గిస్తే ఈ అదనపు బలం పోవడమే కాక, చదునైన ప్రొపెల్లరు రెక్కలు గాలిని అడ్డగిస్తాయి. అందువలన విమానం వేగంగా క్రిందికి జారుతుంది. జెట్ విమానపు ఫ్లైట్ మోడల్‌ను తీసుకొని బరువు, వేగం మాత్రమే మార్చితే ఈ గుణం రాదు.

రెండు ప్రొపెల్లర్లూ ఒకే దిశలో, అనగా వెనుక నుండి చూస్తే గడియారపు ముళ్ళ దిశలో తిరుగుతాయి. ముక్కు పైకెత్తి ఎగిరేటపుడు క్రిందికి దిగే కుడివైపు రెక్కలు ఎక్కువ బలాన్ని ఇస్తాయి. అందువలన కుడి ఇంజను బలం విమానపు మధ్యరేఖకు మరింత దూరంగా, ఎడమ ఇంజను బలం మరింత దగ్గరగా పనిచేస్తాయి. ఎడమ ఇంజను ఆగిపోతే, దూరం నుండి పనిచేసే కుడి ఇంజను విమానాన్ని ఎక్కువగా ప్రక్కకు త్రిప్పుతుంది. ఈ తేడా నమూనాలో కనబడాలి.

ఇంజను, ప్రొపెల్లరు

పీడబ్ల్యూ127 ఇంజనులో ఒకదానితో ఒకటి యాంత్రికంగా కలపని మూడు ఇరుసులు ఉంటాయి. అల్పపీడన, అధికపీడన కంప్రెసర్లకు వేరువేరు టర్బైన్లు ఉంటాయి. వాటి వెనుక ఉండే స్వేచ్ఛా టర్బైను గేర్ల పెట్టె ద్వారా ప్రొపెల్లరును త్రిప్పుతుంది. స్వేచ్ఛా టర్బైనుకు, కంప్రెసర్లకు మధ్య ఉన్న బంధం వేడి వాయువు మాత్రమే. కాబట్టి ప్రొపెల్లరును ఆపి ఉంచి కూడా ఇంజనులోని మిగిలిన భాగాన్ని నడపవచ్చును.

ప్రొపెల్లరు పూర్తి వేగం నిమిషానికి 1,200 చుట్లు. ఆ వేగాన్ని స్థిరంగా నిలపడానికి రెక్కల కోణం దానంతట అదే మారుతుంది. పైలటు శక్తిని పెంచితే ప్రొపెల్లరు వేగంగా తిరగదు. దాని రెక్కలు మరింత ఏటవాలుగా తిరిగి, ఎక్కువ గాలిని పట్టుకొంటాయి. అందువలన ఈ విమానంలో శక్తిని సూచించే ముఖ్య కొలత చుట్ల సంఖ్య కాదు, టార్క్. టార్క్ అనగా ఇరుసును త్రిప్పే బలపు భ్రామకం.

శక్తి, టార్క్, వేగాల సంబంధం సరళమైనది: శక్తి = టార్క్ × కోణీయ వేగం. మామూలు టేకాఫ్‌లో ఒక్కొక్క ఇంజను 2,475 అశ్వశక్తిని, అనగా సుమారు 1,846 కిలోవాట్లను ఇస్తుంది. నిమిషానికి 1,200 చుట్లు అంటే సెకనుకు 125.7 రేడియన్లు. కాబట్టి ప్రొపెల్లరు ఇరుసుపై టార్క్ సుమారు 14,700 న్యూటన్-మీటర్లు. పైకెగిరిన తరువాత ప్రొపెల్లరు వేగాన్ని 82 శాతానికి, అనగా 984 చుట్లకు తగ్గిస్తారు. శక్తిని అలాగే ఉంచితే టార్క్ సుమారు 17,900కు పెరగాలి. నమూనాలో ప్రొపెల్లరు వేగం తగ్గినపుడు టార్క్ ముల్లు కూడా తగ్గితే లెక్కలో తప్పు ఉన్నదని గ్రహించాలి.

వేగాన్ని ఎందుకు తగ్గిస్తారో కూడా లెక్కతో తెలుసుకొనవచ్చును. ప్రొపెల్లరు వ్యాసం 3.93 మీటర్లు. విమానం గంటకు 510 కి.మీ. వేగంతో పోతున్నపుడు 1,200 చుట్లు తిరిగితే రెక్కల కొనలు గాలిని సెకనుకు సుమారు 285 మీటర్ల వేగంతో కోస్తాయి. 984 చుట్లయితే అది సుమారు 247 మీటర్లు. ప్రయాణపు ఎత్తులలోని చల్లని గాలిలో ధ్వని వేగం సెకనుకు 320 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. కొనల వేగం ధ్వని వేగానికి దగ్గర కాకుండా చూడడం వలన శబ్దం, శక్తి నష్టం రెండూ తగ్గుతాయి. నమూనాలో వినిపించే శబ్దం కూడా ఈ మార్పును అనుసరించాలి.

కాక్‌పిట్, వ్యవస్థలు

కాక్‌పిట్ మధ్యభాగంలో ప్రతి ఇంజనుకు రెండు మీటలు ఉంటాయి. ఒకటి శక్తి మీట. రెండవది కండిషన్ మీట. కండిషన్ మీటకు ఇంధనం ఆపు, ఫెదర్, ఆటో, 100 శాతం అనే స్థానాలు ఉన్నవి. ఫెదర్ అనగా ప్రొపెల్లరు రెక్కలను గాలి ప్రవాహానికి సమాంతరంగా త్రిప్పి, అడ్డు తగ్గించడం. ఆ స్థితిలో ప్రొపెల్లరు విమానాన్ని ముందుకు లాగదు. టేకాఫ్ సమయంలో ఒక ఇంజను విఫలమైతే దాని ప్రొపెల్లరును తానే ఫెదర్ చేసి, రెండవ ఇంజను శక్తిని పెంచే స్వయంచాలక వ్యవస్థ కూడా ఉన్నది.

వ్యవస్థల పరస్పర సంబంధానికి మంచి ఉదాహరణ హోటల్ మోడ్. అనేక విమానాలలో నేలపై విద్యుత్తు, చల్లని గాలి ఇవ్వడానికి తోకలో ఒక చిన్న ఇంజను ఉంటుంది. ఏటీఆర్ 72లో అది లేదు. బదులుగా కుడి ప్రొపెల్లరును బ్రేకుతో ఆపి, ఆ ఇంజనును నడుపుతారు. అపుడు కంప్రెసరు ఇరుసుతో తిరిగే డీసీ జనరేటరు పనిచేస్తుంది. కాని ఏసీ జనరేటర్లు ప్రొపెల్లరు గేర్ల పెట్టెతో తిరుగుతాయి గనుక ఆ ప్రక్కన ఏసీ విద్యుత్తు రాదు. ప్రధాన హైడ్రాలిక్ పంపులకు ఆ ఏసీ విద్యుత్తే కావాలి. కాబట్టి ఇంజను నడుస్తున్నా ఆ పంపులు నడవవు. ప్రతి స్విచ్చును విడిగా వ్రాసిన నమూనాలో ఈ గొలుసు తెగిపోతుంది. ఒక వ్యవస్థ ఫలితం మరొక వ్యవస్థకు ఆధారంగా వ్రాసిన నమూనాలో ఇది ప్రత్యేకంగా చెప్పకుండానే దానంతట అదే జరుగుతుంది.

పరీక్ష

నమూనాను సరిచూడడానికి వాతావరణాన్ని ప్రామాణిక స్థితిలో, అనగా సముద్రమట్టం వద్ద 15 డిగ్రీల సెల్సియస్, 1013.25 హెక్టోపాస్కల్ పీడనం వద్ద నిలుపుతారు. బరువును ఒక విలువ వద్ద స్థిరపరచి, 170 నాట్ల వేగంతో పైకెక్కుతూ ప్రతి 1,000 అడుగులకు పట్టిన సమయాన్ని, ఖర్చయిన ఇంధనాన్ని వ్రాసుకొంటారు. ఆ అంకెలను కరదీపికలోని పట్టికతో పోలుస్తారు. తేడా ఉంటే ఒకసారికి ఒక విలువను మాత్రమే మార్చి మరల పరీక్షిస్తారు. రెండు విలువలను ఒకేసారి మార్చితే ఫలితం దేనివలన వచ్చినదో తెలియదు. ఒకచోట శక్తిని, మరొకచోట అడ్డును తప్పుగా ఇచ్చినా చివరి వేగం సరిగా రావచ్చును. అందువలన ఒకే వేగం, ఒకే ఎత్తు వద్ద పరీక్షించి ఊరుకోరాదు.

ప్రమాదాలు, నమూనాకారులకు పాఠాలు

టర్బోప్రాప్ విమానపు ప్రత్యేకతలు ప్రాణాలతో ముడిపడినవని మూడు ప్రమాదాలు తెలుపుతున్నవి.

1994 అక్టోబరు 31న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రోజ్‌లాన్ వద్ద అమెరికన్ ఈగిల్ 4184 విమానం కూలి, అందులోని 68 మంది మరణించారు. గడ్డకట్టే చినుకులలో చక్కర్లు కొడుతుండగా, మంచును తొలగించే రబ్బరు తొడుగుల వెనుక భాగంలో మంచు పేరుకొని, ప్రక్కకు వాల్చే ఐలరాన్ పలకలను ఒక్కసారిగా కదిలించినది. తరువాత ఆ తొడుగులను వెడల్పు చేశారు. సిమ్యులేటర్‌లో మంచును బరువు కొద్దిగా పెరగడంగా మాత్రమే చూపితే చాలదు. నిజానికి మంచు రెక్క ఆకృతినే మార్చుతుంది.

2015 ఫిబ్రవరి 4న తైపే నగరంలో ట్రాన్స్‌ఏషియా 235 విమానం నదిలో కూలినది. 58 మందిలో 43 మంది మరణించారు. లోపం వలన కుడి ప్రొపెల్లరు తానే ఫెదర్ అయినది. పైలటు పొరపాటున బాగా పనిచేస్తున్న ఎడమ ఇంజనును ఆపివేశాడు.

2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరా వద్ద యేటి ఎయిర్‌లైన్స్ 691 విమానం కూలి, అందులోని 72 మంది మరణించారు. ఫ్లాపుల మీటకు బదులు రెండు కండిషన్ మీటలను ఫెదర్ స్థానానికి కదిలించినట్లు దర్యాప్తులో తేలినది. ఇంజన్లు తిరుగుతూనే ఉన్నవి, కాని ప్రొపెల్లర్లు విమానాన్ని లాగలేదు.

ఈ చివరి సంఘటనను నమూనాలో సరిగా చూపాలంటే కండిషన్ మీటను ఫెదర్‌కు మార్చినపుడు ఇంజను ఆగకూడదు, లాగే బలం మాత్రం పోవాలి. కండిషన్ మీటను ఇంధనపు స్విచ్చుగా మాత్రమే వ్రాసిన నమూనాలో ఇది తెలియదు. అటువంటి నమూనాతో నేర్చుకొన్నవారు ఇంజను శబ్దం వినబడుతున్నది గనుక విమానానికి బలం ఉన్నదని తప్పుగా భావించగలరు.

ప్రముఖ నమూనాలు

2013లో మెజెస్టిక్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఎఫ్ఎస్ఎక్స్ కొరకు విడుదల చేసిన డాష్ 8 క్యూ400 నమూనా ఈ రంగంలో ముఖ్యమైనది. ఇది కూడా టర్బోప్రాప్ ప్రయాణీకుల విమానమే. ఇందులో ఎగిరే గుణాలను సిమ్యులేటర్ లెక్కలకు వదిలివేయక, నమూనా తానే వెలుపల లెక్కించుకొంటుంది. 2023 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ తన సిమ్యులేటర్ కొరకు ఏటీఆర్ 42-600, 72-600 నమూనాలను విడుదల చేసినది. వీటిని హాన్స్ హార్ట్‌మన్ ఏటీఆర్ సంస్థ సహకారంతో రూపొందించారు.

తెలుగు ప్రాంతాలతో సంబంధం

హైదరాబాదు కేంద్రంగా 2015 జూలైలో సేవలు మొదలుపెట్టిన ట్రూజెట్ సంస్థ ఏటీఆర్ 72 విమానాలను నడిపినది. ఆ సేవలు 2022లో ఆగిపోయినవి. ఉడాన్ పథకం క్రింద 2017 ఏప్రిల్ 27న ప్రారంభమైన తొలి మార్గాలలో కడప-హైదరాబాదు ఒకటి. ఇండిగో సంస్థ తన ఏటీఆర్ 72-600 సేవలను 2017 డిసెంబరులో హైదరాబాదు నుండి మొదలుపెట్టినది. 2021 మార్చిలో ప్రారంభమైన కర్నూలు విమానాశ్రయానికి కూడా ఈ రకపు విమానాలే వచ్చినవి.

సిమ్యులేటర్‌లో అభ్యాసానికి ఈ మార్గాలు అనువైనవి. శంషాబాదు నుండి గన్నవరానికి నేరుగా సుమారు 265 కి.మీ., కడపకు సుమారు 300 కి.మీ. దూరం. ఒక గంట లోపలే ఇంజను ప్రారంభం నుండి హోటల్ మోడ్ వరకు అన్ని దశలను పూర్తిచేయవచ్చును. దకను పీఠభూమిపై ఉన్న శంషాబాదు రన్‌వే సుమారు 2,000 అడుగుల ఎత్తున, గన్నవరం దాదాపు సముద్రమట్టం వద్ద ఉన్నందున, ఎత్తు, వేడిమి టేకాఫ్‌పై చూపే ప్రభావాన్ని కూడా పోల్చి చూడవచ్చును.

పరిమితులు

గృహ సిమ్యులేటర్‌లో గడిపిన గంటలు పైలటు లైసెన్సుకు లెక్కకు రావు. విమానయాన సంస్థలు శిక్షణకు వాడే పూర్తిస్థాయి సిమ్యులేటర్లు కదిలే వేదికలపై ఉంటాయి, వాటిని ప్రభుత్వ సంస్థలు పరీక్షించి ధ్రువీకరిస్తాయి. ఏటీఆర్ 72లో ఐలరాన్ వంటి పలకలను పైలటు తీగల ద్వారా తన బలంతోనే కదిలిస్తాడు. చేతికి తెలిసే ఆ బరువు మామూలు జాయ్‌స్టిక్‌లో తెలియదు. చాలామంది ఇళ్ళలో ఒకే థ్రాటిల్ మీట ఉంటుంది గనుక రెండు ఇంజన్లను వేరువేరుగా నడిపే అభ్యాసం కూడా కుదరదు.

అయినప్పటికీ భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ మూడూ ఒకేచోట కలిసే అభ్యాసంగా దీనికి విలువ ఉన్నది. ఫ్లైట్‌గేర్ వంటి స్వేచ్ఛా సాఫ్టువేరులో ఒక పట్టికను మార్చి, దాని ఫలితాన్ని తెరపై చూసే అవకాశం విద్యార్థులకు ఖర్చు లేకుండా లభిస్తుంది.

ఇవి కూడా చూడండి

టర్బోప్రాప్ ఇంజను
ప్రొపెల్లరు
ఫ్లైట్‌గేర్
రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం